సోమవారం వస్తే ఛాతీ పట్టేస్తోంది

ప్రశ్న: డాక్టరమ్మా, మాది పరకాల దగ్గర పల్లె. మా ఆయనకు 43 ఏళ్లు. పద్నాలుగు సీజన్ల నుంచి పత్తిలోంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో పని చేస్తున్నాడు. రెండేళ్లుగా సోమవారం మధ్యాహ్నం అయ్యేసరికి ఛాతీ బిగబట్టినట్టు అవుతోంది. దగ్గు, ఆయాసం. రాత్రి పడుకోలేడు, గోడకు ఆనుకుని కూర్చుంటాడు. బుధ, గురువారాలకు తేలికపడతాడు. ఆదివారం మిల్లు బంద్, ఆ రోజు హాయిగా తిరుగుతాడు, సాయంత్రం కల్లు తాగుతాడు. అందుకే మా అత్తమ్మ, మిల్లు మేస్త్రీ అందరూ కల్లు వల్లే అంటున్నారు. నేనూ చాలాసార్లు తిట్టాను. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు బాగుంటుంది. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, తెమడ పరీక్షలో టీబీ లేదన్నారు. ఇది ఆస్తమానా? మిల్లు మాన్పించాలా? ఇంటి మీద అప్పుంది. ఇంటర్ అయిన కొడుకు ఈ సీజన్ నుంచి నేనూ మిల్లుకు పోతానంటున్నాడు. జబ్బు సంగతి సేటుకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడేమోనని భయంగా ఉంది.
– ఓ చెల్లెలు, హనుమకొండ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, ముందు కల్లు సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో గొడవంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

కల్లు వల్లే ఆయాసం వచ్చేదైతే ఆదివారం రాత్రో, సోమవారం పొద్దున నిద్ర లేవగానో ఇంట్లోనే రావాలి. మీ ఆయనకు పొద్దున బాగానే ఉంటోంది. సద్ది కట్టుకుని మిల్లుకు వెళ్లి, షెడ్డులో నాలుగైదు గంటలు గడిపాక పట్టేస్తోంది. ఇంకో సంగతి గుర్తు చేసుకోండి. దసరాకో, చుట్టాలింట్లో పెళ్లికో మూడు రోజులు పని మానేసి, ఏ గురువారమో మళ్లీ పనిలోకి పోయిన సందర్భం ఉందా? ఆ గురువారం సాయంత్రం ఎలా ఉన్నాడు? కల్లు ముట్టని ఆదివారం తర్వాత వచ్చిన సోమవారం ఎలా గడిచింది? ఆ రోజుల్లోనూ ఇలాగే పట్టేసి ఉంటే అది కల్లు పని కాదు. సెలవు తర్వాత మిల్లు గాలి పీల్చిన మొదటి రోజే అతని సోమవారం, క్యాలెండర్‌లో ఏ వారమైనా సరే.

అలాగని కల్లు తాగమని చెప్పడం లేదు. మన వైపు కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారని మీకూ తెలుసు. అవి శ్వాసను మందగింపజేస్తాయి. ఆయాసం ఉన్న మనిషికి రాత్రిపూట అది ప్రమాదం. అది మాన్పించండి. కానీ ఈ జబ్బుకు కారణం అది కాదని ఇంట్లో అందరి ముందూ చెప్పండి. రెండేళ్లుగా తిట్లు పడుతున్న మనిషి ఆయాసం వచ్చినా దాచిపెట్టడం మొదలుపెడతాడు. మా ఓపీకి వచ్చే మిల్లు కార్మికుల్లో చాలామంది అలా దాచుకుని దాచుకుని, మెట్లు ఎక్కలేని స్థితిలో వచ్చినవాళ్లే.

మీరు రాసిన లక్షణాలను బట్టి నా మొదటి అనుమానం బిస్సినోసిస్ అనే జబ్బు మీద. పత్తి, అవిసె లాంటి నారల దుమ్ము వల్ల వస్తుంది. మనిషిని చూడకుండా ఉత్తరం మీద ఖాయం చేయలేను, చేయకూడదు కూడా. కానీ సోమవారం పట్టేసి వారం గడిచేకొద్దీ తగ్గడం ఈ జబ్బుకు ఉన్న ప్రత్యేక గుర్తు. ఇది కొత్త సంగతేమీ కాదు. మన వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు మొదలైంది 1934లో. అప్పటికే ఇంగ్లండ్‌లో లాంకషైర్ పత్తి మిల్లుల దుమ్ము మీద ప్రభుత్వం వేసిన కమిటీ 1932లో నివేదిక ఇచ్చేసింది. అక్కడి కార్మికులు కూడా చెప్పుకున్నది సోమవారం గురించే. 1940ల మొదట్లో ఆ దేశంలో ఈ జబ్బుకు పరిహారం ఇవ్వడం మొదలైంది. ఇన్నేళ్లు గడిచినా మన దగ్గర ఒక కార్మికుడు సోమవారం ఛాతీ పట్టేస్తోందంటే కల్లు అనో, బద్ధకం అనో తీసిపారేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంతకీ దుమ్ములో ఏముంది? మీరు పత్తి ఏరే ఉంటారు. కాయ చుట్టూ ఎండిన ఆకు తొడుగు ఉంటుంది చూడండి, ఏరేటప్పుడు వేళ్లకు గీసుకుపోతుంది, రెండు వేళ్ల మధ్య నలిపితే గోధుమరంగు పొడి అవుతుంది. ఆ తొడుగు ముక్కలు, ఆకు ముక్కలు పత్తితో పాటు మిల్లుకు చేరతాయి. వాటి మీద కంటికి కనబడని బ్యాక్టీరియా ఉంటుంది. ఆ బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయి, గాలి గొట్టాలను వాచేలా, ముడుచుకునేలా చేస్తుంది. జబ్బుకు పెద్ద కారణం ఇదేనని ఇప్పటివరకు తెలిసింది. తెల్లటి దూది పోగుల కంటే వాటితో వచ్చే ఈ చెత్త పొడి ఎక్కువ హాని చేస్తుంది. మీ ఆయన ఇంటికి వచ్చినప్పుడు కనుబొమ్మల మీద, చెవుల వెంట్రుకల మీద అంటుకుని కనిపించే దూది లోపలికి పోలేదు కాబట్టే బయట ఉంది. రేకుల సందులోంచి ఎండ పడ్డప్పుడు తళతళలాడే దుమ్ములో కంటికి ఆనని సన్నటి భాగమే లోతుకు పోయేది.

ఇది ఆస్తమానా అని అడిగారు. దీనికీ పని వల్ల వచ్చే అలర్జీ ఆస్తమాకూ తేడా ఉంది. అలర్జీలో శరీరం ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని నెలలో, కొన్ని ఏళ్లో ఏమీ కాకుండా గడిచి, ఒకసారి పడకపోవడం మొదలయ్యాక కొంచెం తగిలినా చాలు. బేకరీలో మైదా పిండితో పనిచేసేవాళ్లకు వచ్చే ఆస్తమా అలాంటిది. గోధుమలోని ప్రోటీన్లు, పిండిలో కలిపే ఎంజైములు దానికి కారణం. అది సాధారణంగా వారం గడిచేకొద్దీ ముదురుతుంది, శుక్ర, శనివారాలకు బాగా ఇబ్బంది పెడుతుంది, సెలవుల్లో తగ్గుతుంది. బిస్సినోసిస్ మొదట్లో దీనికి తలకిందులు, మొదటి రోజే ఎక్కువ. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర తుమ్ములు, దగ్గు రావడం ఇంకో సంగతి. అక్కడ ఎక్కువగా జరిగేది మిర్చి ఘాటుకు ముక్కు, గొంతు మండటం. అందరికీ వస్తుంది, బయటికి రాగానే తగ్గుతుంది. అక్కడ కూడా ఎవరికైనా రాత్రిళ్లు పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రం ఘాటే కదా అని వదిలేయకూడదు.

కాబట్టి ఏ రోజు, ఏ గంటకు ఎలా ఉంది అన్న లెక్కే మీ ఆయన విషయంలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష. ఎక్స్‌రే బాగుందన్నారు కదా, బిస్సినోసిస్‌లో ఎక్స్‌రే తరచూ బాగానే ఉంటుంది. ఎక్స్‌రే ఊపిరితిత్తి నీడను చూపిస్తుంది, గాలి గొట్టం ఎంత బిగుసుకుందో చూపించదు. దాన్ని చూపించేది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష. అది కూడా ఏ ఆదివారం తర్వాతో పొద్దున్నే చేస్తే బాగానే వచ్చే అవకాశం ఉంది. సోమవారం పనికి ముందు ఒకసారి, పని అయ్యాక ఒకసారి చేస్తే అసలు తేడా బయటపడుతుంది. డ్యూటీ దిగి మిల్లు నుంచి ఆసుపత్రికి పోయేసరికి ఓపీ ఉండదు కదా అంటారు, నిజమే. అందుకే పీక్ ఫ్లో మీటర్ కొనుక్కోమంటాను. చేతిలో పట్టేంత ప్లాస్టిక్ గొట్టం, పక్కన అంకెలు, ఊదితే జరిగే ఒక ముల్లు. మెడికల్ షాపులో అడిగితే తెప్పిస్తారు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. సద్ది గిన్నె సంచిలో పట్టేస్తుంది.

వాడడం తేలిక. నిలబడి, నిండుగా గాలి పీల్చి, పెదాలు బిగించి ఒక్కసారిగా ఊదాలి. మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకె రాసుకోవాలి. నిద్ర లేవగానే, మిల్లులో మధ్యాహ్నం తినేముందు, ఇంటికి రాగానే, పడుకునేముందు ఇలా రోజుకు నాలుగుసార్లు, నెల రోజులు. ఆదివారాలు కూడా మానకూడదు, ఆదివారం లెక్క లేకపోతే మిగతా అంకెలను దేనితో పోల్చాలో తెలియదు. మీ కొడుకు ఇంటర్ చదివాడు కదా, పుస్తకంలో గీతలు గీసే పని అతనికి అప్పజెప్పండి. ఉదాహరణకు ఆదివారం సాయంత్రం 420, సోమవారం పొద్దున 410, సోమవారం సాయంత్రం 320, బుధవారం సాయంత్రం 370, గురువారం సాయంత్రం 390 అని ఉందనుకోండి. ఆ పేజీ చూసిన ఏ ఛాతీ డాక్టరైనా మిల్లు గురించి అడగకుండా ఉండలేరు. మీ అత్తమ్మకు కూడా ఆ పేజీయే చూపించండి. అంకెలు ఇలా కాకుండా, వారం పొడవునా దిగజారుతూ ఆదివారం మాత్రమే పైకి లేస్తుంటే అప్పుడు అలర్జీ ఆస్తమా వైపు ఆలోచించాలి. ఏది తేలినా ఈ పుస్తకం ఉపయోగపడుతుంది.

ఇక ఆర్‌ఎంపీ సూది. రెండు రోజులు హాయిగా ఉంటోందంటే అది చాలావరకు స్టెరాయిడ్ ఇంజెక్షనే అయి ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది మంచి మందే. ప్రతి సోమవారం వేయించుకుంటే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు బోలుబారతాయి. పైగా ఆయాసం అణిగిపోవడంతో మనిషి మళ్లీ అదే దుమ్ములోకి ధైర్యంగా వెళ్తాడు. అదే రకం మందు ఇన్‌హేలర్‌లో చాలా తక్కువ మోతాదులో, నేరుగా గాలి గొట్టాలకే అందుతుంది. పంపు పెట్టుకుంటే జీవితాంతం అలవాటైపోతుందన్న మాట నేను రోజూ వింటాను. కళ్లద్దాలు పెట్టుకున్నంత మాత్రాన చూపు తగ్గిపోదు కదా, ఇదీ అంతే. డాక్టరు రాస్తే ధైర్యంగా వాడించండి. స్టెరాయిడ్ పంపు పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. మృగశిర కార్తెకు చేపమందు తెచ్చుకునే నమ్మకం మీ ఇంట్లో ఉంటే నేను కాదనను, కానీ అది వేసుకున్నామని పంపు మాత్రం ఆపకండి. మీ ఆయన బీడీ తాగుతాడో లేదో మీరు రాయలేదు. తాగితే ఈరోజే ఆపించాలి. పత్తి దుమ్ము, పొగ రెండూ కలిస్తే ఊపిరితిత్తి ఇంకా వేగంగా పాడవుతుంది.

మిల్లు మాన్పించాలా? అప్పున్న ఇంటికి మానేయండి అని ఒక్క మాటలో రాయడం నాకు సులువు, మీకు కాదు. అందుకని జబ్బు ఎలా నడుస్తుందో చెబుతాను, దాన్ని బట్టి మీరే గడువు పెట్టుకోండి. 1950లలో షిల్లింగ్ అనే ఇంగ్లండ్ డాక్టరు దీన్ని మెట్లుగా విడదీశాడు. మొదట అప్పుడప్పుడు ఒక సోమవారం, తర్వాత ప్రతి సోమవారం, ఆ తర్వాత మంగళ, బుధవారాలకు కూడా పాకడం, చివరికి సెలవు రోజుల్లోనూ తగ్గని ఆయాసం. ఆ చివరి మెట్టుకు చేరాక మిల్లు మానేసినా పోయిన శక్తి తిరిగి రాదు. మొదటి మెట్ల మీద ఉన్నప్పుడు దుమ్ముకు దూరమైతే చాలామంది బాగుపడతారు. మీ ఆయన బుధ, గురువారాలకు తేలికపడుతున్నాడంటే ఇంకా వెనక్కి రాగల చోటే ఉన్నాడు. జిన్నింగ్ ఏడాది పొడవునా ఉండదు, ఎండాకాలం వచ్చేసరికి సీజన్ అయిపోతుంది. నూలు వడికే స్పిన్నింగ్ మిల్లుల్లో కన్నా జిన్నింగ్‌లో ఈ జబ్బు తక్కువగా కనబడటానికి ఆ నెలల విరామం కూడా ఒక కారణం. అయితే అదే కారణంగా సీజన్ మొదలైన తొలి వారం మొత్తం ఒక పెద్ద సోమవారంలా గడుస్తుంది, ఆ వారం జాగ్రత్త. అంకెల పుస్తకంలో మంగళ, బుధవారాలు కూడా సోమవారం అంతగా తగ్గడం మొదలైతే, లేదా ఎండాకాలంలో పని లేనప్పుడు కూడా ఆయాసం ఉంటే అప్పుడు ఇక ఆలోచించొద్దు, మాన్పించండి.

ఈలోగా మిల్లులోనే చోటు మార్పించుకోవచ్చు. ముడి పత్తి దిమ్మరించి మిషన్లకు నెట్టే చోటు, మిషన్ల కింద ఊడ్చే చోటు, చెత్త దులిపే చోటు, ఇవి అన్నిటికన్నా చెడ్డవి. ఆరుబయట బేళ్ల లోడింగ్, కాంటా, గేటు పని చాలా నయం. చీపురుతో పొడిగా ఊడవడం, కంప్రెసర్ గాలితో మిషన్లను, ఒంటి మీది బట్టలను దులపడం మాన్పించాలి. ఒంటి మీద దుమ్ము పోతుందని మనవాళ్లు సాయంత్రం ఆ గాలి పైపు కిందే నిలబడతారు, పగలంతా పీల్చని దుమ్ము ఆ రెండు నిమిషాల్లో పీల్చేస్తారు. ముఖానికి కట్టుకునే దస్తీ, తువ్వాల దూదిని ఆపుతాయి కానీ సన్నటి పొడిని ఆపలేవు. ఎన్‌95 మాస్కు ముక్కు దగ్గర, గడ్డం దగ్గర సందు లేకుండా బిగిస్తే ఆపుతుంది. ఉక్కపోతలో ఎనిమిది గంటలు పెట్టుకోవడం కష్టమని నాకు తెలుసు, కనీసం ఊడ్చేటప్పుడు, పత్తి దిమ్మరించేటప్పుడు పెట్టించండి. చెమటకు తడిసిపోతే మార్చాలి. ఇంటికి రాగానే చొక్కా వాకిట్లోనే విప్పించి నీళ్లలో పడేయండి. మీరు దులిపి మేకుకు తగిలించకండి, ఆ దుమ్ము మీకూ పోతుంది.

మాస్కు పెట్టుకుంటే సేటు బాధ్యత తీరిపోయినట్టు కాదు. దుమ్ము లేచే చోటే దాన్ని పీల్చేసే ఫ్యాన్లు, గొట్టాలు ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నిబంధన. అమెరికా 1978లో నూలు మిల్లుల గాలిలో ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములకు మించి పత్తి దుమ్ము ఉండకూడదని కట్టడి చేశాక అక్కడ ఈ జబ్బు బాగా తగ్గిపోయింది. దుమ్మును ఆపితే జబ్బు ఆగుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

సేటుకు తెలిస్తే తీసేస్తాడన్న మీ భయం నాకు అర్థమైంది. అందుకే వరుస మార్చండి. ముందు కాగితాలు, తర్వాత మాటలు. హాజరు చీటీలు, గేటు పాసు, కూలి ఫోన్‌పేలో వచ్చినట్టయితే ఆ మెసేజీలు, పాత మిల్లుల్లో పనిచేసినప్పటి ఫోటోలు ఏవున్నా ఒక కవర్లో దాచండి. బిస్సినోసిస్ ఉద్యోగ నష్టపరిహార చట్టం మూడో షెడ్యూల్‌లో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో, పేరుతో సహా ఉన్న జబ్బు. ఆ చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిశాక కూడా జాబితాలోంచి పోలేదు. చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ మాత్రమే చేసే సీజనల్ ఫ్యాక్టరీలకు ఈఎస్ఐ అనే కార్మికుల బీమా వర్తించదు. ఈఎస్ఐ కార్డు లేదు కాబట్టి మనకు ఏ హక్కూ లేదనుకుని కార్మికులు ఊరుకుంటారు. ఈఎస్ఐ లేనివాళ్ల కోసమే ఈ నష్టపరిహార నిబంధనలు ఉన్నాయి. ఆ దరఖాస్తు లేబర్ ఆఫీసులో ఇవ్వాలి. వేర్వేరు మిల్లుల్లో పనిచేసి ఉంటే ఆ యజమానుల మధ్య వాటా తేలుస్తారు. గడువు ఉంటుంది, అది దాటనివ్వకండి. ఒంటరిగా పోకండి, హమాలీ యూనియన్ వాళ్లను తోడు తీసుకెళ్లండి. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే కార్మికులకు, ఆడవాళ్లకు వకీలును ఉచితంగా పెడతారు. 

మీ కొడుకు గురించి. ఈ సీజన్‌కు పంపకండి. తండ్రికి వచ్చింది కాబట్టి కొడుక్కి వచ్చి తీరుతుందని కాదు, ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. కానీ అప్పు తీర్చడానికి ఒక సీజన్ అనుకుని వెళ్లినవాళ్లు పది సీజన్లు ఉండిపోవడం నేను చూశాను. తప్పదనుకుంటే కాంటా దగ్గరో, లోడింగ్ దగ్గరో మాత్రమే, అదీ మొదటి రోజుకు ముందే ఒకసారి ఊదించి అంకె రాసిపెట్టి పంపండి.

ఎప్పుడైనా మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా సోమవారమో మంగళవారమో చూడకుండా 108కి ఫోన్ చేయండి. తెమడలో రక్తం పడినా, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనబడినా టీబీ పరీక్ష మళ్లీ చేయించాలి. ఒకసారి లేదన్నారని ఎప్పటికీ లేనట్టు కాదు, ఆ పరీక్ష సర్కారు దవాఖానాలో ఉచితమే.

నెల రోజుల అంకెలు నిండాక పుస్తకం పట్టుకుని సర్కారు పెద్దాసుపత్రి ఛాతీ విభాగం ఓపీకి పొద్దున్నే వెళ్లండి. మీరూ వెంట వెళ్లండి, మగవాళ్లు డాక్టరు ముందు బాగానే ఉన్నానంటారు. గది నిండా జనం ఉంటారు, మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. దగ్గు, ఆయాసం అని మొదలుపెట్టకండి. "పత్తి మిల్లులో పద్నాలుగేళ్లుగా పని, సెలవు తర్వాత మొదటి రోజు ఛాతీ పట్టేస్తుంది, ఇవిగో అంకెలు" అని పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టండి. స్పైరోమెట్రీ రాయమని అడగండి. చీటీలో అతని పని ఏమిటో కూడా రాయమనండి, రేపు లేబర్ ఆఫీసులో ముందుగా చూసేది ఆ ఒక్క లైనే.